ఎడమచేతి పెళ్ళిభోజనం

సరోజనకు నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకుంటుంది. భుజాలు ఎగిరెగిరి పడతాయి, ముఖం కందిపోతుంది, కళ్ళవెంట నీళ్ళు కారతాయి, చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా బయటికి రాదు. ఎరగనివాళ్ళు చూస్తే పాపం, ఈవిడకేం కష్టమొచ్చిందో అనుకుంటారు. ఒకసారి మంచిర్యాల బస్సులో పక్కసీటావిడ "ఊకో అక్కా, ఊకో" అని వీపు నిమిరి, సంచిలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టింది. ఆ పండు తింటూ కూడా సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

తను నవ్వడంలో ఇంత గుట్టు గానీ, ఎదుటివాళ్ళను నవ్వించడంలో ఆమెకు ఏ దాపరికమూ లేదు. మందమర్రి గని కాలనీలో నల్లా దగ్గర బిందెల వరస ఎంత పొడుగ్గా ఉంటే ఆమెకంత హుషారు. గని సర్దారు నడుం మీద చేతులు వేసుకుని ఎలా తిరుగుతాడో, కల్లు తాగొచ్చిన మగడు గుమ్మం దాటేటప్పుడు ఎంత బుద్ధిమంతుడిలా ముఖం పెడతాడో చేసి చూపించేది. పక్క క్వార్టరు నసీమా అయితే నవ్వలేక బిందె వదిలేసి గోడకు చేరగిలబడేది.

సరోజనది సుల్తానాబాద్ పక్కన చిన్న ఊరు. వరిమళ్ళ గట్ల మీద పెరిగిన పిల్ల. బొగ్గుబావిలో పనిచేసే రాజేశాన్ని చేసుకుని మందమర్రికి వచ్చింది. ఇక్కడ ఉదయం ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగు తేలడం చూసి మొదటి ఏడాది బిత్తరపోయింది. అత్త పోశవ్వ మంచిదే గాని నోరు పెద్దది. ఆ నోటికి జడిసి కొత్తకోడలు పక్కింటి నసీమా నీడన చేరింది. నసీమా భర్త వాహెద్‌ది కంపెనీ క్లబ్బులో కొలువు. క్లబ్బు మైదానంలో అప్పుడప్పుడు సినిమా వేసేవాళ్ళు. ఆ మిషను తిప్పేది వాహెదే.

మైదానం మధ్యలో రెండు గుంజలు పాతి తెల్లటి తెర కట్టేవాళ్ళు. మగవాళ్ళు తెరకు ముందు కూర్చోవాలి, ఆడవాళ్ళు తెరకు వెనక కూర్చోవాలి. ఎవరు పెట్టిన రివాజో ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం చెప్పేదెవరు? వాహెద్ మంచి మనిషి కనుక సినిమా మొదలయ్యే ముందు తెర మీద చెంబుతో నీళ్ళు చల్లేవాడు. గుడ్డ తడిగా ఉంటే బొమ్మ వెనక్కి బాగా దిగుతుందని అతని నమ్మకం. దిగేది నిజమే గాని, అద్దంలో చూసినట్టు అంతా తారుమారుగా దిగేది. పేర్లు తిరగేసి పడేవి. పెళ్ళికొడుకు తాళి ఎడమచేతివాటంగా కట్టేవాడు. పైగా మాటల పెట్టె మగవాళ్ళ వైపు తిరిగి ఉండేది. వెనకకు సగం మాటే చేరేది. అందుకని ముందు మగవాళ్ళు నవ్వాలి, ఆ నవ్వు విని ఇక్కడేదో తమాషా ఉందని తెలుసుకుని ఆడవాళ్ళు నవ్వాలి. ఆ కాలనీ ఆడవాళ్ళు ఎన్నో ఏళ్ళు అట్లా అరువు నవ్వులే నవ్వారు.

సరోజన కొత్తకోడలుగా ఉన్నప్పుడే 'పిలవని పెళ్ళికి నలుగురు' వచ్చింది. కథ పెద్దదేం కాదు. పనీపాటా లేని నలుగురు కుర్రాళ్ళు ఇస్త్రీ బట్టలు వేసుకుని, ముఖం ఎరగనివాళ్ళ పెళ్ళిళ్ళకు పోయి తిని వస్తుంటారు. ఆడపెళ్ళివాళ్ళతో మేం మగపెళ్ళివాళ్ళమంటారు, మగపెళ్ళివాళ్ళతో మేం ఆడపెళ్ళివాళ్ళమంటారు. ఒక పెళ్ళిలో ఇరువైపుల పెద్దలూ వీళ్ళనే గొప్ప చుట్టాలనుకుని, విస్తళ్ళు వేసి, కొసరి కొసరి వడ్డిస్తారు. ఆ విందు దగ్గర తెర ముందు నుంచి మగవాళ్ళు శ్రద్ధగా చూస్తున్నారు, నవ్వు ఇంకా రాలేదు. తెర వెనక మాత్రం ఆ నలుగురూ ఎడమచేత్తో పప్పన్నం కలుపుతున్నారు! పెళ్ళిపెద్దలూ ఎడమచేత్తోనే తింటున్నారు. పక్కన పట్టుపంచె కట్టుకున్న పురోహితుడు ఎడమచేత్తో బూరె కొరికాడు. సరోజనకు ఆగలేదు. ఇత్తడి బిందె మెట్ల మీంచి దొర్లినట్టు నవ్వింది. దానికి నసీమా తోడైంది. క్షణంలో తెర వెనకంతా గొల్లుమంది. ఆ కాలనీలో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ముందు, తమ కోసం తాము నవ్వింది ఆ ఒక్కసారే.

తెర అవతల సద్దుమణిగింది. "ఎవలే గది? ఏం జూసి నవ్వుతున్రు?" అని ఒక పెద్దమనిషి గద్దించాడు. వెనక ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నోళ్ళు మూసుకున్నారు.

సినిమా అయ్యాక ఇంటికి వచ్చిన రాజేశం చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"గంత మందిల నా పెండ్లం నవ్వు నాకు వినవడ్డది. నా ఒక్కనికేనా? షిఫ్టుల ఉన్నోళ్ళందరికి వినవడ్డది. రేపు బాయిల నా మొఖం ఎట్ల వెట్టుకోవాలె?"

పోశవ్వ లోపల నుంచి అందుకుంది. "నవ్వే ఆడిదాన్ని, ఏడ్చే మొగోణ్ణి నమ్మొద్దని ఊకెనే అనలే పెద్దోళ్ళు."

రాజేశం చెయ్యెత్తే మనిషి కాదు. కొన్నాళ్ళు మాట మానేశాడు, అంతే. పుట్టింటికి దూరంగా ఉన్న పిల్లకు ఆ మౌనం చాలదా? సరోజన కొంగు నోటికి అప్పుడెక్కింది. మళ్ళీ దిగలేదు.

కాలం గడిచింది. వాహెద్ పోయాడు, పోశవ్వ పోయింది, మైదానంలో గుంజలు పోయాయి. రాజేశం బావి నుంచి రిటైరై, కంపెనీ క్వార్టరు వదిలి, అదే మందమర్రిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. నసీమా కొడుకుతో ఆ వీధిలోనే ఉంది. ఆ సినిమా మాత్రం పోలేదు. రాజేశానికీ అతని షిఫ్టు దోస్తులకూ అది పురాణం. చాయ్ హోటల్లో ఒకడు మొదటి మాట అందిస్తే ఇంకొకడు తర్వాతి మాట అందుకోవాలి, ఒక్క అక్షరం తప్పితే ఊరుకోరు.

సరోజన దగ్గర ఉన్న సినిమా వేరు. అది ఎడమచేతి సినిమా. దాన్ని ఆమె మనవరాలు స్పందనకు ఇచ్చింది. కూతురూ అల్లుడూ కరీంనగర్‌లో కొలువులు చేస్తుంటే పిల్ల చిన్నతనమంతా అమ్మమ్మ దగ్గరే గడిచింది. అన్నం తిననని మొరాయించినప్పుడల్లా సరోజన ఎదురుగా బాసింపట్టు వేసుకుని, పెళ్ళిపెద్ద ముఖం పెట్టి, ఎడమచేత్తో ఉత్త కంచంలో పప్పు కలిపేది, వేలు నాకేది, "ఇంకొంచెం నెయ్యి వొయ్యున్రి, మేం మొగపెండ్లోళ్ళం" అనేది. పిల్ల నవ్వుతూ నోరు తెరిస్తే ముద్ద లోపలికి పోయేది. "మరి నువ్వు నవ్వవేంది అమ్మమ్మా?" అని అడిగేది స్పందన. "నవ్వుతున్న గదనే" అనేది కొంగు చాటు నుంచి సరోజన.

ఆ పిల్ల పెద్దదై హైదరాబాద్‌లో నాటకాల్లో చేరింది. చిన్న చిన్న వేషాలు వేసింది. పోయిన ఏడాది ఫోన్ చేసి, గొంతు పట్టలేని సంతోషంతో చెప్పింది. 'పిలవని పెళ్ళికి నలుగురు' మళ్ళీ తీస్తున్నారట. ఈసారి నలుగురూ ఆడవాళ్ళే. పేరు 'పిలవని పేరంటాండ్లు'. ఆ నలుగురిలో నాలుగోది స్పందన!

వీధిలో వార్త పాకింది. పొగిడినవాళ్ళు కొందరే. సినిమా ఇంకా తయారవుతూనే ఉంది, తీర్పు మాత్రం చాయ్ హోటల్లో వచ్చేసింది. "గా నలుగురేడ, గీ నలుగురేడ?" అన్నాడొకడు. "ఆడోళ్ళు మీద వడి తింటె నవ్వెట్లొస్తది?" అన్నాడు ఇంకొకడు. ఫోన్లలో కుర్రాళ్ళు రాసినవి ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. రాజేశం ఇరకాటంలో పడ్డాడు. ఒక వైపు సొంత మనవరాలు, రెండో వైపు సొంత పురాణం. "పోరి పేరు జూస్తె ఖుషీగ ఉన్నది గని, సక్కటి సినిమాను ఎందుకు గెలుకవట్టిరి?" అనేవాడు.

నసీమాది ఒకటే మాట. "మొగోడు పిలవకుండ వోయి తింటె తమాషా. ఆడిది తింటె ఎవని పెండ్లమని అడుగుతరు. గంతే ఫరక్."

విడుదల రోజు స్పందన మంచిర్యాలకు వచ్చింది. హైదరాబాద్‌లో మిగతావాళ్ళతో కలిసి చూడాల్సింది. "మా అమ్మమ్మ పక్కన గూసోని చూస్త" అని పట్టుబట్టి వచ్చింది. ఆ మాట వినగానే సరోజనకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పెట్టె అడుగునుంచి పట్టుచీర తీసింది. నసీమానూ వీధిలో ఆడవాళ్ళనూ పిలుచుకుంది. రాజేశం తన షిఫ్టు దోస్తులను వెంటేసుకు వచ్చాడు. మనవరాలి సినిమా కదా, అతనికీ పంతం ఉంది.

టాకీసులో రాజేశం బృందం ముందు వరసల్లో కూర్చుంది. ఆడవాళ్ళు వెనక కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, కాళ్ళే అట్లా తీసుకుపోయాయి. స్పందన వచ్చి అమ్మమ్మ పక్క సీట్లో కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

బొమ్మ మొదలైంది. గోల చేయడానికే టిక్కెట్టు కొన్న కుర్రాళ్ళు మొదటి మాట నుంచే ఈలలు వేశారు. షిఫ్టు దోస్తులు గోల చేయలేదు, రాజేశం మీద గౌరవం. చేతులు కట్టుకుని, పరామర్శకు వచ్చినవాళ్ళలా గమ్మున కూర్చున్నారు. నిజానికి గోలకంటే ఆ గమ్మునుండటమే ఎక్కువ దెబ్బ తీసింది. ఎందుకంటే వెనక ఆడవాళ్ళంతా అలవాటుగా ముందు నుంచి నవ్వు వస్తుందని ఎదురుచూస్తున్నారు. తెర మీద ఒకామె లడ్డూలు కొప్పులో దాచుకుంది. మరొకామె ఇద్దరు వియ్యపురాళ్ళనూ ఒకేసారి వదినా అని పిలిచి పట్టుబడబోయింది. పెదవుల దాకా వచ్చిన నవ్వులు ముందు వరసల వీపులు చూసి వెనక్కి పోయాయి.

పెళ్ళివిందు వచ్చింది. నలుగురు ఆడవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ముగ్గురు కుడిచేత్తో మొదలుపెట్టారు. నాలుగోది, స్పందన, బాసింపట్టు వేసుకుని, పెళ్ళిపెద్ద ముఖం పెట్టి, ఎడమచెయ్యి విస్తట్లో పెట్టింది. పప్పన్నం కలిపింది. వేలు నాకింది. "ఇంకొంచెం నెయ్యి వొయ్యున్రి, మేం మొగపెండ్లోళ్ళం."

సరోజన గుర్తుపట్టింది. అది తన నకలు. తన ఇంట్లో, తన కంచం ముందు చేసిన నకలు. ఆనాడు తడితెర వెనక చూసిన భోజనం, ఎవరికీ తెలియకుండా తను దాచుకున్న సినిమా, ఇంత పెద్ద తెర మీద అందరి ముందూ! ఆ ఇత్తడి బిందె నవ్వు కడుపులోంచి బయలుదేరి గొంతు దాకా వచ్చింది. చేతిని స్పందన గట్టిగా నొక్కింది.

"ఛీ, ఎడమచేత్తో తింటదేంరా" అని ముందు నుంచి ఒక కుర్రాడు అరిచాడు. రాజేశం వీపు బిగుసుకోవడం వెనకనుంచి కనిపించింది. అంతే. సరోజన చెయ్యి మనవరాలి చేతిలోంచి జారింది, కొంగు అందుకుంది, నోట్లో కుక్కింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు లేదు.

స్పందన ఒక్కసారి తిరిగి చూసింది. హాలంతా చీకటి, పక్కన కొంగు, కొంగు వెనక అమ్మమ్మ. మళ్ళీ తెర వైపు తిరిగింది. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా ఆమె చెయ్యి తన ఒళ్ళోనే ఉంది.

బయట ఆటోల దగ్గర అడిగింది. "నవ్వు రాలేదా అమ్మమ్మా?"

"వచ్చింది బిడ్డా."

"మరి ఎందుకు నవ్వకపోతివి?"

"నలుగురిల ఎట్ల నవ్వుత?"

"నలుగురిల నవ్వుతవనే గద నేను అచ్చింది" అంది స్పందన. కోపంగా అనలేదు. కోపంగా అన్నా సరోజనకు ఇంత బాధ ఉండేది కాదు. "డైరెక్టర్ వద్దన్నడు. ఎడమచేత్తో తింటె జనానికి తెల్వది, తిడుతరన్నడు. మా అమ్మమ్మకు తెలుసు, ఆమె నవ్వితె ఆడోళ్ళందరు నవ్వుతరని కొట్లాడి పెట్టించుకున్న."

మర్నాడు పొద్దున బస్సుకే పిల్ల వెళ్ళిపోయింది.

చాయ్ హోటల్లో తీర్పు ఖాయమైంది. రాజేశం ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడి, అందరి తరఫునా చెప్పాడు. "ఆడోళ్ళ సినిమాకు ఆడోళ్ళే నవ్వకపోతిరి. ఇగ మేమేం జేస్తం?" ఎగతాళిగా అనలేదు, ముసలాడికీ లోపల కలుక్కుమంటూనే ఉంది. సరోజన పొయ్యి మీది చాయ్ పొంగి ఒలికింది. ఎన్నో ఏళ్ళ కిందట నవ్వావని మాట మానేసిన మనిషి, ఇవాళ నవ్వలేదని తప్పు పడుతున్నాడు! గుడ్డ తీసుకుని పొయ్యి తుడిచింది. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. అతను కొంగు కప్పిన మాట నిజమే గాని, ఇన్నేళ్ళూ దాన్ని పట్టుకుని ఉన్న చెయ్యి తనది. మొన్న టాకీసులో ఎవరూ వచ్చి నోరు మూయలేదు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. నవ్వాల్సినచోట నవ్వని చేను సంగతి ఏ సామెతా చెప్పలేదు.

నాలుగు రోజులకు నసీమా చెప్పులు వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "రేపు తీసేస్తరట సినిమా. నడువు. ఊకె ఫికర్ జేస్తె ఏమొస్తది? జర వోయి నవ్వొద్దాం."

పగటి ఆటకు వెళ్ళారు. హాలు బోసిగా ఉంది. ఎండకు తలదాచుకోవడానికి వచ్చిన కూరగాయల ఆడవాళ్ళు, కాలేజీ ఎగ్గొట్టిన ఆడపిల్లలు, ఎవరో తల్లీకూతుళ్ళు. మగవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. సరోజన ఈసారి ముందు వరసలో కూర్చుంది. కొంగు నడుంలో దోపుకుంది.

విందు వచ్చింది. స్పందన ఎడమచెయ్యి విస్తట్లో పెట్టింది.

సరోజన నవ్వింది. బిందె మెట్ల మీంచి దొర్లింది. గోడలకు తగిలి తిరిగొచ్చిన తన నవ్వు విని తనే జడుసుకుంది, జడుసుకుని ఇంకా నవ్వింది. నసీమా తోడైంది. వెనక కూరగాయలామె "ఓయమ్మో, ఎడమచేత్తోటి నాకుతుంది సూడే" అని పకపకలాడింది. కాలేజీ పిల్లలు అందుకున్నారు. హాలంతా గొల్లుమంది. లడ్డూల కొప్పు దగ్గర నవ్వారు, ఇద్దరు వియ్యపురాళ్ళూ ఎదురుపడితే నవ్వారు, నవ్వక్కరలేని చోట కూడా నవ్వారు. గేటు దగ్గరి మనిషి ఏమైందోనని తలుపు తీసి చూశాడు.

ఆ నవ్వుల మధ్యే సరోజన నవ్వు ఆగిపోయింది. ఎంత సులువు! పిల్ల అన్నది అక్షరాలా నిజం. ఒక్కరు మొదలుపెడితే చాలు. ఆ ఒక్కరు తను. ఆ రోజు స్పందన పక్కనే ఉంది, వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు, రాజేశం ఉన్నాడు. అంతమందీ ఉన్నప్పుడు మూసుకున్న నోరు, ఎవరూ లేనప్పుడు తెరుచుకుంది.

బయటికి రాగానే ఫోన్ చేసింది.

"బిడ్డా, నేను నవ్విన. గట్టిగ నవ్విన. నా ఎంబడి అందరు నవ్విండ్రు."

"మంచిది అమ్మమ్మా" అంది స్పందన. పెద్దవాళ్ళను సముదాయించే గొంతు. ఆ గొంతు సరోజనకు తెలుసు, పోశవ్వ మంచాన పడ్డప్పుడు తనూ అట్లాగే మాట్లాడేది.

"ఒట్టు బిడ్డా. గీ నసీమను అడుగు."

"నమ్ముతున్న. నువ్వు పరేషాన్ గాకు. అన్నం తిన్నవా?"

"ఊకెనే అంట లేను. హాలంత నవ్విండ్రు. నువ్వు జెప్పినట్టే అయింది."

"గట్లనా" అంది పిల్ల. తర్వాత, అడగాలా వద్దా అన్నట్టు, నెమ్మదిగా అంది. "అయితె ఒక్కపారి నవ్వు అమ్మమ్మా. నేనింట."

సరోజన నోరు తెరిచింది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. టాకీసు గోడ మీద ఒకతను నిచ్చెన వేసుకుని, నలుగురు ఆడవాళ్ళ బొమ్మ మీద కొత్త సినిమా కాగితం అంటిస్తున్నాడు. స్పందన ముఖం మీద తడి జిగురు పూశాడు. నవ్వేమన్నా నల్లా నీళ్ళా తిప్పగానే రావడానికి? ఎంత పిలిచినా రాలేదు. దాని బదులు వేరేది వచ్చింది, కడుపులోంచి, అదే తోవన. పిల్లకు వినపడకూడదని సరోజన నడుంలో దోపిన కొంగు లాగి నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.

నసీమా చూసి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా?" అంది స్పందన ఫోన్‌లో. "నవ్వుతున్నవా?"

సరోజన కొంగు కొంచెం తప్పించింది.

"ఆ బిడ్డా" అంది. "నవ్వుతున్న."